వెనక సీటు లేని కారు

ముందు కార్ల వరస, పైన జనవరి ఎండ, పక్కన ఖాళీ సీటు. ఆ సీటులో నడుముకి బెల్టు బిగించుకుని ఒక హెల్మెట్టు బుద్ధిగా కూర్చుని ఉంది. హెల్మెట్టులో తల లేదు, ఓబులేసు తలలో జాగా లేదు. కువైట్ అని పేరు పెట్టినవాడు తెలిసే పెట్టాడు, సగానికి సగం వెయిటే. వీసాకి వెయిట్, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామాకి వెయిట్, మామా అని పిలిచే యజమానురాలు సాల్మియా మాల్‌లో అన్ని అంతస్తులూ చుట్టి సంచులతో మెట్లు దిగేదాకా వెయిట్. ఇరవై ఏళ్లు స్టీరింగ్ ముందు కూర్చుని ఎదురుచూసినవాడికి ఈ గంట ఒక గంటా అనుకున్నాడు గానీ, ఇది ఆ వెయిట్ కాదు, గుండె మీద ఎవరో తెచ్చి పెట్టిన వెయిట్. ముందు కారు ఒకటి గర్జించి కదిలింది, వరస ఒక కారు పొడుగు ముందుకు జరిగింది, ఓబులేసు కూడా జరిగాడు, హెల్మెట్టు తలాడించింది. వస్తుందంటావా అని దాన్నే అడిగాడు. అది మళ్లీ ఆడించింది, కానీ అవుననో కాదనో తేలలేదు. అచ్చం పెళ్లాం వెంకటేశ్వరి లాగే.

ఎదురుగా సముద్రం పక్కన ఎకరాలకొద్దీ తారు మైదానం, వారమంతా కార్లు నిలబడే చోటు, శుక్రవారం పొద్దున మాత్రం కార్లు పరిగెత్తే చోటు. నారింజరంగు కోన్లు వంకరటింకరగా పేర్చి దారి చేస్తారు, ఒక్కో కారునే వదులుతారు, గడియారం పట్టుకుని చూస్తారు. కోను తగిలి పడితే అయిన టైముకి ఇంకో రెండు సెకన్లు కలుపుతారు. ఎవరిమీదా ఎవరూ గెలవక్కర్లేదు, ఎవరి గడియారం వాళ్లది, దీనికే ఆటోక్రాస్ అని పేరు. మనిషికి మూడు పరుగులు. మూడో పరుగులో పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. ఓబులేసు రెండు పరిగెత్తేశాడు. మిగిలింది ఆ ఒక్కటే. వచ్చే బుధవారం వెంకటేశ్వరికి చెన్నై విమానం, మామా ఇంటి మెట్లెక్కీ దిగీ మోకాళ్లు ఖలాస్, ఇక తిరిగి రాదు. ఈయన ఇక్కడే ఉంటాడు. అంటే ఇద్దరికీ కలిపి కువైట్‌లో మిగిలింది ఈ శుక్రవారమే, ఈ శుక్రవారంలో మిగిలింది మధ్యాహ్నం నమాజు దాకానే. వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే ఆ సీటులో హెల్మెట్టుతోనే జీవితాంతం కాపురం.

స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ ఒళ్లు ఒకసారి జల్లుమంటుంది, ఇప్పుడూ అంది. ఇది నా బండి. జపాన్‌లో ఎవరో ముచ్చటపడి కొన్ని వందలు మాత్రం చేసి, చేసిన చేతులు కడిగేసుకున్న బండి. ముందు డాష్‌బోర్డు మీద చిన్న ఇత్తడి రేకు, దాని మీద అంకె, ఐదొందల్లో మూడొందల ఎనిమిదోది అని. మనుషులకి ఆధార్ ఇచ్చినట్టు దీనికి పుట్టుకతోనే నంబరిచ్చి పంపారు. పొట్టి బండి, లోపల కూర్చోవడం అంటే దిగడం, దిగడం అంటే బావిలోంచి ఎక్కడం. ఇదే బండిని సబా అల్ సలేంలో బాబా అని పిలిచే యజమాని ఇంటి ఆవరణలో ఓబులేసు ఎన్నేళ్లు కడిగాడో, ఎన్నిసార్లు దుమ్ము దులిపాడో. ఇసుక తుఫాను వచ్చిన రోజు కవరు కింద దాని ఒళ్లు తడిమి చూసేవాడు, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు. ఇంటి పనికి ఎనిమిది సీట్ల పెద్ద బండి, బాబా సరదాకి ఈ రెండు సీట్ల చిన్నది. శుక్రవారాలు బాబా దీన్ని ఇక్కడికే తెచ్చేవాడు, ఓబులేసు పెద్ద బండిలో టైర్లూ నీళ్లూ వేసుకుని వెనకాల వచ్చేవాడు. తెల్లటి పొడుగు అంగీ, ఆ దిష్దాషాని మోకాళ్ల దాకా ఎగ్గట్టి, హెల్మెట్టు పెట్టుకుని, అరవై దాటిన మనిషి కోన్ల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోతుంటే ఓబులేసు నీళ్ల సీసా మూత తీయడం మరిచిపోయి చూసేవాడు. దిగి వచ్చి, ఎందుకు అలా నోరు తెరిచావు, నీళ్లు నాకా నీకా అని నవ్వేవాడు బాబా. ఆయన వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీలే గానీ ఫీలున్న కఫీల్. ఒకసారి పక్కన కూర్చోమన్నాడు. మొదటి మలుపులో ఓబులేసు అలవాటుగా తల ఎత్తి అద్దంలోకి చూడబోతే మోచేత్తో పొడిచి అరిచాడు, "వరా మాఫీ! గిద్దాం షూఫ్!" వెనక ఏమీ లేదు, ముందుకు చూడు.

వెనక ఏమీ లేకపోవడమా. ఓబులేసుకి ఉన్నదంతా వెనకే కదా. పెద్ద బండిలో వెనక మామా, మామా పిల్లలు, ఆ వెనక మూడో వరసలో పిల్లల సంచులు ఒళ్లో పెట్టుకుని వెంకటేశ్వరి. డ్రైవరు పక్క సీటులో ఆడమనిషి కూర్చోకూడదు, ఆ ఇంటి పద్ధతి. ఆ డ్రైవరు ఆ ఆడమనిషికి మొగుడే అయినా పద్ధతి పద్ధతే. ఆ సీటులో పూల బొమ్మలున్న టిష్యూ డబ్బా కూర్చునేది. టిష్యూ డబ్బాకి ఉన్న హక్కు కట్టుకున్నదానికి లేదని మొదట్లో ఓబులేసు కుళ్లుకున్నాడు, తర్వాత నవ్వుకున్నాడు, ఆ తర్వాత అలవాటు పడ్డాడు. ఆయనకి గేటు పక్కన గది, ఆమెకి డాబా మీద గది, మధ్యలో మూడంతస్తుల మెట్లు. కాపురమంతా అద్దంలో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తలెత్తితే అద్దం చివర ఆమె కళ్లు, ముక్కుపుడక, నుదుటి మీద ఇంత చెమట. కనుబొమ్మ ఎగరేస్తే తిన్నావా అని, ఆమె కళ్లు మూసి తెరిస్తే తిన్నానని. ఊరి నుంచి చెడ్డ కబురు వచ్చిన రోజు కూడా ఆ అద్దంలోనే చెప్పుకున్నారు, ఇద్దరూ పెదవి కదపకుండా, మధ్య వరసలో పిల్లలు ఐస్‌క్రీముల కోసం కొట్టుకుంటుంటే. అద్దంలో ఒక పక్క మెరిసే పుడక ఎదురుగా చూసినప్పుడు రెండో పక్కకి మారిపోయేది. సెలవుల్లో రాయచోటికి పోయినప్పుడల్లా మొదటి రెండు రోజులు ఓబులేసుకి పెళ్లాం ముఖం కొత్తగా ఉండేది. ఆమె ఒకసారి అంది, "నీ మెడెనకాల పుట్టుమచ్చ నాకు బాగా తెల్సు. బండి తోలేటప్పుడు నీ మొగం ఎట్లుంటాదో మాత్రం తెలీదబ్బా." నవ్వుతూనే అంది. ఆ మాట ఓబులేసు లోపల ఎక్కడో దిగి, అక్కడే పార్కింగ్ చేసుకుని ఉండిపోయింది.

పిలుపు కూడా పోయింది. మేనమామని కట్టుకున్న పిల్ల, పుట్టి మాటలొచ్చినప్పటి నుంచీ మామా అనే పిలిచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారం వంటింట్లోంచి మామా అని కేకేస్తే ఓబులేసు ఒక గుమ్మంలోంచి, యజమానురాలు ఇంకో గుమ్మంలోంచి ఒకేసారి వచ్చి నిలబడ్డారు. కువైట్‌లో మామా అంటే ఒక్కరే. ఆ రోజుతో వెంకటేశ్వరి ఆయన్ని పిలవడం మానేసింది. ఇదో అనేది, ఇగో అనేది, నలుగురి ముందు డ్రైవర్ అనేది. ఇంటికి పోయినా నాలుక తిరగలేదు, ఇదోనే మిగిలింది.

ముందు ఒక పసుపు కారు మలుపులో తోక తిప్పి రెండు కోన్లని ఎగరేసింది, జనం హోయ్ అన్నారు, జెండా పట్టుకున్న కుర్రాడు పరిగెత్తి నిలబెట్టాడు. వరస జరిగింది. ఓబులేసు ఫోన్ తీశాడు, పెట్టాడు. పొద్దున వెంకటేశ్వరి ఎత్తింది. మామా బయటికి వదుల్తాదో లేదో అంది, వదిలితే వస్తావా అంటే, చూస్తా అంది. ఆ చూస్తా ఏ రకం చూస్తానో ఓబులేసుకి తెలియలేదు, ముఖం చూస్తే తెలిసేది, అద్దంలో చూస్తే ఇంకా బాగా తెలిసేది. అసలు బండి కొన్నానని చెప్పిన రోజు కూడా ఫోనులోనే. ఇఖామా నీళ్ల డబ్బాల కంపెనీకి మార్చుకుని ఆ ఇల్లు విడిచేటప్పుడు బాబా తాళం చేతిలో పెట్టాడు, ఊరికే ఇస్తే బండి అలుగుతుందని చేతిలో ఉన్నంత తీసుకున్నాడు, కాగితాలు మార్పించాడు, ఒకటే మాట అడిగాడు, దీనికి మళ్లీ కవరు కప్పకు, శుక్రవారాలు కోన్ల దగ్గరికి తీసుకుపో అని. ఓబులేసు కాళ్ల కింద నేల లేదు. వెంటనే వెంకటేశ్వరికి చేశాడు, ఆటోక్రాస్ బండి కొన్నా అన్నాడు.

"ఆటోనా? కువైటుకొచ్చి ఆటో కొన్యావా?"

"ఆటో కాదు మే, కారు. బాబా చిన్న కారు."

"అది రెండు సీట్లది గదా. నేను యాడ కూచోవల్ల?"

"ముందర. నా పక్కన."

అటు మిక్సీ ఆగింది. "ముందరా? నేనా? ఈ వయసులో నీకేమొచ్చింది ఇదో," అని పెట్టేసింది. తర్వాత నెలకి పైగా బండి మాట ఎత్తలేదు. బండికి నిమ్మకాయలు కూడా పెట్టలేదు. వాళ్ల ఇంట్లో సైకిలు కొన్నా ఇల్లాలు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, అవి చిట్లితేనే ఆ బండి ఇంటిదైనట్టు. మెకానిక్ అన్వర్ బాషా, కడప మనిషి, బండికి చిన్నప్పటి నుంచీ డాక్టరు, నేను పెడతాలే అన్నా అని ముందుకొస్తే ఓబులేసు వద్దన్నాడు. కాగితం మీద బండి తనది, తాళం తనది, అయినా ఈ రోజుకీ అది కొనడం పూర్తికాని బండి.

ఇందాకటి మొదటి పరుగు గుర్తొస్తే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. ఓబులేసు పేరులో లేసు ఉంది గానీ రేసు లేదని అన్వర్ బాషా నవ్వుతూనే సాగనంపాడు. కోను కోనుకీ కుడి ఇండికేటరు, ఎడమ ఇండికేటరు వేసుకుంటూ, వెనక ఎవరో తేనీరు పట్టుకుని కూర్చున్నట్టు తొణకకుండా మలుపులు తిప్పి, చివర ఆగాల్సిన గీతలో మెత్తగా ఆగాడు. అంతటితో అయితే బాగుండు. ఆగగానే బెల్టు ఊడదీసుకుని, ఆ బావిలోంచి పైకెక్కి, గబగబా చుట్టూ తిరిగి వెనక తలుపు తీయడానికి చెయ్యి చాచాడు. వెనక తలుపు లేదు. చెయ్యి గాల్లో ఉంది. మైదానమంతా నవ్వింది, ముందు ఓబులేసుని చూసి, తర్వాత ఓబులేసుతో కలిసి. ఇరవై ఏళ్ల చెయ్యి అది, దానికెవరు చెప్పాలి వెనక ఏమీ లేదని.

కానీ రెండో పరుగు. దాన్ని ఎవరికైనా ఎలా చెప్పడం. సముద్రం వైపు ఉన్న పెద్ద మలుపులో, ఓబులేసు యాక్సిలరేటరు మీంచి కాలు తీయాల్సిన చోట తీయలేదు, ఎందుకు తీయలేదో ఆ కాలికే తెలియాలి. బండి ఒరిగింది, ఇంజను గొంతు అప్పటిదాకా మాట్లాడుతున్నది కాస్తా పాడడం మొదలుపెట్టింది, ఒళ్లంతా ఒక పక్కకి ఎవరో లాగి పట్టుకున్నట్టు, చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం పైకి లేచినప్పుడు కడుపు కింద ఉండిపోయినట్టు. కోన్లు కోన్లుగా లేవు, నారింజ గీతలాగా వచ్చి పక్కనుంచి జారిపోయాయి, నీలం గీత ఒకటి, అది సముద్రమట. టైర్లు నేలని పట్టుకున్న పట్టు పిరుదుల్లోంచి వెన్నులోకి ఎక్కింది, బండి ఇక్కడ వరకే పోగలను, ఇంకొంచెం కూడా పోగలను అని ఆయనకి చెబుతోంది, నోటితో కాదు, ఆయన ఎముకలతో. ఇన్నేళ్లు ఆ కవరు కింద పడుకుని ఉన్నది ఇదా. ఈ ప్రాణాన్నా తను బకెట్టూ గుడ్డా పట్టుకుని కడిగింది. ఆగాక చాలాసేపు చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి, గుడి లోపల గంట కొట్టాక చెయ్యి గంట మీదే ఉండిపోతుంది చూడు, అలా. దిగలేదు. ఎవరి తలుపూ తీయలేదు. ఒకటే అనిపించింది, ఇది ఆమె చూడాలి. చూడకుండా ఆ పిల్ల విమానం ఎక్కకూడదు.

స్టార్టరు దగ్గర జెండా పట్టుకునే నయీమ్ వచ్చి కిటికీలోకి వంగాడు. నిజామాబాద్ మనిషి, మాటకి ముందు నవ్వు వస్తుంది. "ఏమన్నా, ముంగట ముగ్గురే ఉన్నరు. ఇండికేటర్లు బంద్ చేసినవా?"

"చేసినాలే అబ్బీ."

"పక్కసీటు ఖాళీగనే పోతదా? పోతే గా హెల్మెట్ తీసెయ్యి. గుండ్రంగ తిరిగి నీ మీదికే వస్తది."

"వస్తాది," అన్నాడు ఓబులేసు. హెల్మెట్టు గురించో మనిషి గురించో నయీమ్ అడగలేదు.

ముగ్గురు ఇద్దరయ్యారు. దూరంగా మసీదు మైకు ఒకసారి గొంతు సవరించుకుంది. ఇద్దరు ఒకరయ్యారు. ఓబులేసు హెల్మెట్టు బెల్టు ఊడదీశాడు, దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు, చిత్రంగా అది వెచ్చగా ఉంది, ఎండకి. సరే, మామా వదల్లేదేమో. వంటింట్లో అతిథులేమో. మోకాళ్లేమో. రాకూడదనేమో. ఈ వయసులో నీకేమొచ్చింది అంది కదా, ఏమొచ్చిందో చెప్పి ఉండాల్సింది, ఫోనులో ఎలా చెబుతారు, అద్దంలో అయితే చెప్పేవాడు, కనుబొమ్మలతో, ఆ అద్దం ఇప్పుడు ఎవరో కొత్త డ్రైవరుది. కిందికి చూసుకుంటూ ఉన్నాడు కాబట్టి వచ్చిన మనిషి కనిపించలేదు. చప్పుడు వినిపించింది, బండి ముందు చక్రం దగ్గర ఎవరో మోకాళ్లు మడిచి కూర్చుంటూ అబ్బా అనడం.

తలెత్తాడు. వెంకటేశ్వరి. పని ఇంటి యూనిఫాంలోనే ఉంది, జేబులో డాబా తాళాలు గలగల. ఓబులేసు వైపు చూడలేదు. ముందు రెండు చక్రాల కింద రెండు, నెమ్మదిగా లేచి నడిచి వెనక రెండింటి కింద రెండు, జేబులోంచి నిమ్మకాయలు తీసి పెట్టింది. నయీమ్ జెండా ఎత్తి పరిగెత్తుకొచ్చాడు, "అక్కా, అక్కా, దారిల ఏం పెట్టొద్దు!" ఆమె అతని వైపు తిరిగింది. "దారిలో యాడ పెట్టినా? బండి కింద పెట్టినా. తొక్కినాక నీ దారి నీకే." నయీమ్ గడియారం మనిషి వైపు చూశాడు, గడియారం మనిషి ఆకాశం వైపు చూశాడు, వెంకటేశ్వరి వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడింది. సరిగ్గా నిలబడలేదు, ఒక అడుగు వెనకగా, ఆ బండికి లేని వెనక తలుపు దగ్గర. ఒక్క క్షణం ఇద్దరి చేతులకీ ఏమీ తోచలేదు. ఓబులేసు లోపలి నుంచే చెయ్యి చాపి ముందు తలుపు తోశాడు.

కూర్చోవడం అంటే దిగడం, మోకాళ్లు ఖలాస్ అయిన మనిషికి అది ఇంకా లోతు. దిగింది. హెల్మెట్టు కొప్పు మీద కూర్చోనంటే కొప్పు ఊడదీసింది, జుట్టు భుజం మీద పడింది, ఎంత తెల్లబడిందో అద్దంలో ఎప్పుడూ తెలియలేదు. బెల్టు బిగించాడు. ఇన్నేళ్లలో మొదటిసారి బండిలో తన కుడి మోచేతికి ఆమె మోచెయ్యి తగిలింది, బండి ఇంకా కదలలేదు, ఓబులేసు గుండె మాత్రం సముద్రం వైపు మలుపు దగ్గర ఉంది. జెండా పడింది. నాలుగు నిమ్మకాయలు టపటపా చిట్లాయి, ఆ పులుపు వాసన లోపలికి వచ్చింది, బండి వాళ్లింటిదైంది.

మొదటి కోన్లు, ఎడమ, కుడి, ఎడమ. ఇంజను పాడింది. నీలం గీత వచ్చింది. కాలు తీయాల్సిన చోట ఈసారీ తీయలేదు, ఒళ్లు పక్కకి లాగింది, ఇదిగో ఇదే, ఇదే నేను చూపించాలనుకున్నది, భయపడుతోందా, నవ్వుతోందా, ఎలా ఉంది ఆ ముఖం అనుకుంటూ ఓబులేసు తలెత్తి అద్దంలోకి చూశాడు. అద్దంలో ఎవరూ లేరు. వెనక గాజు, గాజులో ఆకాశం, ఆకాశంలో గిర్రున తిరుగుతున్న కోను. ఆమె లేదు. పడిపోయింది. ఎక్కడో పడిపోయింది. రెండు కాళ్లూ ఒకేసారి బ్రేకు మీద పడ్డాయి, బండి మెలిక తిరిగింది, ఇంజను కక్కి ఆగిపోయింది. ఓబులేసు అద్దంలోనే వెతుకుతున్నాడు, ఆ మూలకి, ఈ మూలకి.

"ఈడుండా గదా మామా. యాడ జూస్తాండావు?"

కుడి పక్క నుంచి. బండిలో అంత దగ్గర నుంచి ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు, ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. మెడ తిప్పాడు. హెల్మెట్టులో ముఖం, చెమట, ముక్కుపుడక ఉండాల్సిన పక్కన ఉంది. కళ్లు ఇంత చేసుకుని చూస్తోంది, ముందుకి కాదు, ఆయన ముఖంలోకి, ఊరూరూ తిరిగి చివరికి ఇల్లు కనుక్కున్నట్టు.

"పో మామా," అంది. "ముందరికి పో. ఆ మిగిలిందంతా నాకు చూపీ."

తాళం తిప్పాడు. పోయాడు. మిగిలిన దారిలో ఆయన ఏం చేశాడో ఆయనకి తెలియదు, బండి తెలుసుకుంది, కోన్లు తప్పుకున్నాయి, సముద్రం ఒకసారి ఆమె వైపు వచ్చింది, ఒకసారి ఆయన వైపు, ప్రతి మలుపులోనూ ఆ మోచెయ్యి ఈ మోచేతికి ఆనుకుంది, ఆమె మొదట అమ్మా అంది, తర్వాత ఊ అంది, తర్వాత గుక్క పట్టి నవ్వుతోంది, పుట్టి మాటలొచ్చినప్పుడు ఆయన భుజాల మీద ఎక్కి నవ్వినట్టే. గీతలో ఆగారు. దుమ్ము వాళ్లని దాటి ముందుకెళ్లింది. నయీమ్ మైకులో ఏదో టైము చదివాడు, ఒక కోను కలిపాడు, ఇంకా చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"గెల్చినామా?" అంది వెంకటేశ్వరి, హెల్మెట్టు లోంచి.

"అందరి కంటే లాస్టు."

ఆమె మెడ తిప్పి వెనక్కి చూసింది. సీటు లేదు, సంచులు లేవు, పిల్లలు లేరు, గాజు ఒకటే ఉంది.

"అయితే మనెనకాల ఎవురూ ల్యారు," అంది.

ఓబులేసు అద్దంలోకి చూడకుండానే నమ్మాడు.